రెండో ఓటీ

మా ఆసుపత్రిలో ఓటీలు రెండు.
ఒకటి మూడో అంతస్తులో, తలుపు మీద ఎర్ర బల్బుతో.
రెండోది ఎక్కడా కనపడదు,
అకౌంట్స్ గుమస్తా కామేశం నోట్లో తప్ప.
మత్తివ్వకుండా కోసేది అదే.

జూలై మొదటి వారంలో కాగితం వచ్చింది.
"డయాలసిస్ విభాగపు ఓవర్‌టైము
నెలకు మూడువందల పన్నెండు గంటలు.
సగానికి తగ్గించవలెను."
కింద సంతకం, సంతకం మీద రబ్బరు ముద్ర.
ఎలాగో మాత్రం రాయలేదు.

ఇన్‌ఛార్జి సిస్టర్ని కదా, రోస్టరు నా చేతిది.
ముందు దొంగదారే తోచింది, ఒప్పుకుంటున్నాను.
రెండు కాగానే అందరూ సంతకం పెట్టేయండి,
పని మాత్రం కానివ్వండి అన్నాను.
కెజియా పెన్ను తీసుకుంది, మూత తియ్యలేదు.
నా మొహంలోకి చూసింది.
అంతే.

మర్నాడు మా వాడి పాత లెక్కల నోట్‌బుక్ తెచ్చి
టేబుల్‌కి దారంతో కట్టాను.
ఎంతసేపు ఆగారో కాదు,
ఎందుకు ఆగారో రాయమన్నాను.

"లిఫ్టు రాలేదు. పేషెంటుతో నలభై నిమిషాలు."
"స్టోరు తాళంచెవి తగరపువలస వెళ్లిపోయింది."
"నాలుగో మిషను. మళ్లీ."
"పొద్దున్న నీళ్ల ప్లాంటు లేటు,
అందుకని మధ్యాహ్నం లేటు, అందుకని రాత్రి."
"పెందుర్తి తాతగారికి బీపీ పడిపోయింది.
చెయ్యి వదల్లేదు."
సన్యాసమ్మకి రాత రాదు.
ఆగిన గంటకో గీత గీసేది.
గోడకి చేరేసిన తెడ్లలా
పేజీ నిండా గీతలు.
అవి ఫిర్యాదులనుకున్నాను.

నెలాఖరున గచ్చు మీద కూర్చుని కూడితే
సగం గంటలు రోగులవి కానే కావు.
తాళంచెవిది, లిఫ్టుది,
రోజూ ఖనిజం గూడ్సుకి గేటు దగ్గర దొరికిపోయే
నీళ్ల ప్లాంటు కుర్రాడిది.
వాణ్ని రాత్రి డ్యూటీకి మార్చాను,
తెల్లారేసరికి ట్యాంకు నిండుతోంది.
రెండో తాళంచెవి చేయించాను,
నా డబ్బే, అరవై రూపాయలు.
నాలుగో మిషనుకి హారతి తప్ప అన్నీ ఇచ్చాం.
తాతగారి చెయ్యి పట్టుకున్న గంటని మాత్రం
ముట్టుకోలేదు.

వినాయకచవితి నాటికి నూట నలభై.
కామేశం నవ్వాడు.
సూపరింటెండెంట్ గారు కుర్చీ చూపించి
టీ తెప్పించారు.

ఆ సాయంత్రమే దుప్పట్ల గది దగ్గర
సన్యాసమ్మ అడ్డంగా నిలబడింది.
"పని తగ్గించినావమ్మా, మంచిదే.
నా నడుం నీకు దణ్ణమెడతాది.
మరి నా చీటీ ఏటి సేత్తాది?
నెలకి రెండేలు
ఆ గంటల్లోంచే గదా కట్టీదాన్ని."

అప్పుడు తెలిసింది.
ఆ గీతలు ఫిర్యాదులు కావు,
ఆమె పాస్‌బుక్కు.

నా దగ్గర జవాబు లేదు.
దుప్పట్లు లెక్కపెడుతున్నట్టు నటించాను.
తర్వాత, ఆమె జీతం ఎన్నేళ్లుగా కదల్లేదో చూసి
పైకి ఓ ఉత్తరం రాశాను.
దాని మీద ఇంకా ఏ ముద్రా పడలేదు.

ఇవాళ నాలుగింటికే డ్యూటీ దిగాను.
జగదాంబ దగ్గర ఎండ ఇంకా కాస్తోంది.
రోజూ ఎక్కే బస్టాపుని ఆ వెలుతుర్లో
గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.
బస్సు వదిలేసి పూర్ణామార్కెట్‌కి నడిచాను.
ఈ వేళప్పుడు కానాగంతలు
కళ్లు మెరుస్తూ ఉంటాయని మర్చేపోయాను.
అరకేజీ తూపించాను.
చేపలామె ఐసు నీళ్లు చీరకి తుడుచుకుంటూ
"సెలవా సిస్టరమ్మా?" అంది.
"కాదు, డ్యూటీ అయిపోయింది."
ఆమె నమ్మలేదు.

సంచీ చెయ్యి మార్చుకుంటుంటే
లోపల నోట్‌బుక్ తగిలింది.
చేపనీళ్లు అట్ట దాకా వచ్చేశాయి.
సన్యాసమ్మ గీతల పేజీ తడవకుండా
బయటికి తీసి
ఎత్తిపట్టుకుని నడిచాను.