విత్తనం నంబరు

నలభై అయిదో రాడ్డు దిగినా
గొట్టంల నుంచి తెల్లటి పిండే లేస్తున్నది.
తొమ్మిది వందల ఫీట్లు.
పగిడిమర్రి అంజమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని
ఇంకొకటి ఏయమంటది.
మర్రిగూడ దాటినంక ఎర్రచెల్క.
ఆమె చెల్కల ఇది ఏడో బోరు.

పాయింటు చూసినాయన
అరచేతిల కొబ్బరికాయ నిలువున లేసిందని
ఒట్టు పెట్టి, కూలి తీస్కొని ఎల్లిపోయిండు.
కాయ అబద్ధమాడదట.
నిజం గూడ చెప్పదు, కాయ కదా.

రాత్రి చింతపల్లిల అక్క ఇంట్ల
చెవులల్ల దుమ్ము కడుక్కొని కూసుంటే
మేనకోడలు త్రివేణి ఫోను ముక్కు మీదికి తెచ్చింది.
గడులు గడులుగ ఒక లోకం.
నాలుగు పలకల చెట్టు, నాలుగు పలకల ఆవు,
పొద్దు గూడ నాలుగు పలకలే.
"తవ్వు మామా, నువ్వు తవ్వేటోనివే కదా."

తవ్విన.
మట్టి తవ్వితే మట్టి చేతికొచ్చింది,
రాయి తవ్వితే రాయి.
ఒక్క దెబ్బ ఉత్తగ పోలేదు.
పదిహేనేండ్ల సంది బోరుబండి మీద బతుకుతున్నోనికి
అది ఆట లెక్క అనిపియ్యలే,
ఎవరో నా బాకీ తీరుస్తున్నట్టుండె.

అప్పుడు నీళ్లు చూపెట్టింది.
చిన్న గుంత. ఎదురెదురు మూలలకు రెండు బకెట్లు.
ఇగ ఎంత తోడినా అంతే ఉంటయి.
తోడింది, ఉన్నయి. తోడింది, ఉన్నయి.
నవ్వొచ్చింది నాకు, ఎంబడే కోపమొచ్చింది.
ఎవడు రాసిండు ఈ లెక్క?
రాసేటోనికి ఏం పోయింది, మాకు గూడ
రెండు బకెట్ల దయ రాస్తే?

"గట్ల కాదు మామా, ఈ లోకానికి మొదలు ఒక నంబరుంటది.
విత్తనం అంటరు.
అది ఏస్తే కొండలు, వాగులు, అడుగున బంగారం
అన్నీ అండ్లకెల్లే మొలుస్తయి.
అదే నంబరు నా దోస్తు ఏస్తే
దానికి గూడ గిదే కొండ, గిదే వాగు."

"అంటే నేను తవ్వకముందే
అడుగున ఉన్నది ఉన్నట్టేనా?"

గోరు కొరుక్కుంట ఆలోచించింది.
"ఉన్నట్టే. కానీ నువ్వు దగ్గరికి పోయేదాక చెయ్యదు.
ఫోను వేడైతది కదా."

అంజమ్మ చెల్క కింద రాయి
మేం రాడ్డు దించినంకనే రాయి అయిందా?
లేకుంటే ఆమె పుట్టకముందే ఎవడో నంబరు కొట్టి
పక్క చెల్కకు రెండించుల నీళ్లు,
ఈమెకు పిండి అని మొలిపించిండా?
తలరాత అంటది మా అవ్వ.
మనిషికైతే తల ఉన్నది.
భూమికి ఎక్కడ రాసిన్రు?

ఆటల సచ్చిపోతే మంచం పక్కన లేస్తవు,
జేబులు ఖాళీ, అంతే.
త్రివేణి ఒక పాత కాపీ దాసుకుంటది,
ఎటమటమైతే దాన్నే తెరుస్తది.
మరి నడుమ మూడు దినాలు ఆ లోకంల తిరిగిన త్రివేణి
ఏమైంది బిడ్డా అంటే
"ఎవరు మామా?" అన్నది.

అంజమ్మ తాన పాత కాపీ లేదు.
ఆరు బోర్ల బిల్లులున్నయి,
బియ్యం డబ్బాల, పుస్తెలు కుదువబెట్టిన చీటీ పక్కన.

ఇంకా అడుగుకు పోయిన. ఒక కాడ గునపం ఆగింది.
నల్ల రాయి, ఎంత కొట్టినా గీత పడదు.
"అది పగలది. దాని కింద ఏం లేదు."
"ఏం లేదంటే? ఎండిపోయిందా?"
"కాదు మామా. రాయలే."

ఫోను బంద్ చేసే ముంగట
నేను తవ్విన గుంతల మట్టి నింపింది, గడి మీద గడి.
"ఉత్త ఆటనే కదనే?"
"ఆవు పడ్తది."

తెల్లారి రాడ్లు గుంజినం.
పైసలకు రాని పని అయినా
బోరు మూతి మీద ఒక బండ ఎత్తిన,
కదుపుతే కదిలింది, ఇంకోటి ఎత్తిన.
డ్రైవరు హారను కొడ్తున్నడు.
అంజమ్మ అటు కంచె దిక్కు ఒక్కతే నడుస్తున్నది,
చెయ్యి ముందుకు చాపి,
అరచేతిల కొబ్బరికాయ.