ఊదారంగు గింజలు

కేజీహెచ్ మెట్ల మీదికి ఎండ ఇంకా ఎక్కలేదు.
పాథాలజీ గదిలో ఫ్యాను తిరుగుతోంది,
ప్రతి చుట్టుకీ ఒక చిన్న దగ్గుతో.
టోల్యుడిన్ బ్లూ సీసా మూత బిగుసుకుపోయింది.
పళ్లతో తీద్దామనుకుని మానేశాను.

స్లైడు మీద పెన్సిలుతో నా రాత: నాలుగు వందల పదిహేడు.
చీటీ మీద: వాసుపల్లి పరదేశమ్మ, యాభై రెండేళ్లు,
ఎడమ భుజం, పాత మచ్చ, పెరుగుతోంది.

నిన్ననే వచ్చింది రిపోర్టుకి, ఒక రోజు ముందే.
"ఏటి తల్లీ, మానిపోయిన దెబ్బ మల్లీ ఎందుకు పెరుగుతాదీ?
వించి తాడు తెగి కొట్టి పదకొండేళ్లయిపోనాది.
రాత్రయితే సాలు, లోపల సీమలు పుట్ట పెట్టినట్టు.
గోకితే రవ్వంత సుకం. మల్ల అదే."
కొంగు తప్పించి చూపించింది:
మెరుస్తూ, ఉబ్బి,
పక్క చర్మం మీదికి కాళ్లు చాపుకున్న మచ్చ.

తలుపు అవతల ఒకాయన
ఆవిడ సంచీ పట్టుకుని నిలబడ్డాడు.
"ఆడా? గంగాద్రి.
ఆ రోజు వించి తిప్పినోడు ఆడే.
అప్పట్నించీ రోజూ తెల్లారగట్ల
ఆర్బరు కాడ నా గంపలో ఐసు పోస్తాడు. వద్దన్నా పోస్తాడు.
నాను తిడతాను. తిట్టకపోతే నాకు పొద్దు పొడవదు."
ఆయన వినపడనట్టు
డాల్ఫిన్స్ నోస్ వైపు చూస్తున్నాడు.

ఇప్పుడు లెన్సు కింద ఆ భుజం, ఆవగింజంత.
మొదట నీలం. అంతా నీలం.
సముద్రం అని రాయను.
ఈ ఊళ్లో ప్రతి నీలాన్నీ సముద్రం అనేస్తారు.
ఇది కొల్లాజెన్. మోకులు మోకులుగా, మెలి మీద మెలి.
మోకుల సందుల్లో కదురు బద్దల్లాంటి ఫైబ్రోబ్లాస్టులు,
తలెత్తకుండా పేనే పనివాళ్లు.

వాళ్లని ఆనుకుని
గింజలు కిక్కిరిసిన మాస్ట్ కణాలు.
అన్నిటి మీదా ఒకే రంగు పోశాను నేను.
ఇవి మాత్రం నీలాన్ని ఊదా చేసుకున్నాయి,
పోసినదాన్ని పోసినట్టు పుచ్చుకోని జాతి.
ఒకదాని కుట్టు విడిపోయి, చోళ్ల సంచీలా
చుట్టూ గింజలు ఒలికాయి.

అప్పికొండ మేడమ్ వచ్చి,
చేతిలో బిస్కెట్టు అలాగే ఉంచుకుని కన్ను పెట్టింది.
"కాపలావాళ్లంటాం వీళ్లని. మరి కాపలావాడికి కూడు ఎవరు పెడతారు?
ఆ పేనేవాళ్లే.
వాళ్లిచ్చే ముద్ద అందకపోతే
నాలుగు రోజుల్లో వీళ్లు రాలిపోతారు.
తిన్నవాళ్లు ఊరుకుంటారా, గింజలు విసిరి
'ఇంకా పేను, ఇంకా పేను' అంటారు.
దారిలో నరానికి తగిలిన గింజ దురద."

"ముందు ఎవరు మొదలెట్టారు మేడమ్?"
"తాడు," అంది.
బిస్కెట్టు విరిగి కింద పడింది.
"తాడు ఎప్పుడో పోయింది. వీళ్లకి ఎవరూ చెప్పలేదు."
ఫోను మోగింది. వెళ్లిపోయింది.

నేను లెక్కపెట్టాను, ఒక్కో గడిలో
ఎనిమిది, పదకొండు, తొమ్మిది.
మధ్యలో నా సిజేరియన్ కోత
చీర కుచ్చిళ్ల కింద ఒకసారి చిమచిమలాడింది.
చెయ్యి పోబోయి ఆగింది.

పదకొండింటికి పరదేశమ్మ వచ్చింది.
కేన్సరు కాదని చెప్పాను.
మచ్చలోకే సూదిమందు ఇస్తారని, నెలకోసారి రావాలని,
గోకొద్దని చెప్పాను.
"గోకకుండా ఎలాగుంటాదే?" అని నవ్వింది,
చెయ్యి అప్పటికే భుజం మీదుంది.

కిటికీలోంచి చూశాను.
మెట్ల మీద ఆయన ముందు, సంచీతో.
వెనక ఆవిడ, గొంతెత్తి,
"ఒరే, ఐసు గంపలో పొయ్యమన్నాను గానీ నా కాలి మీదా?"
ఆయన ఒక మెట్టు కింద ఆగాడు,
ఆవిడ అందుకునేదాకా.

రిపోర్టులో మాస్ట్ కణాలు: అధికం.
ఫైబ్రోబ్లాస్టులు: అధికం.
వ్యాఖ్య అన్న గడి దగ్గర
కలం కాసేపు పట్టుకుని,
మూత పెట్టేశాను.