ఊ కొట్టాలి

గుణుపురంలో పాత బస్టాండు వెనక
టార్చిలైట్లు బాగుచేసే కొట్టు, దాని మీద గది.
కింద సోల్డరు పొగ.
పైన మా నలుగురి పని:
వంశధారలో నీరెంతుందో ఏడు గేజీలను అడిగి
గట్టు ఊళ్లకు చెప్పడం.

ఇవాళ కోడు రాయలేదు.
కోడు ఏం మాట్లాడాలో రాద్దామని కూచున్నాం.

ఇన్నాళ్లూ నోటికొచ్చింది రాశాం.
తపోధీరది ఒకటే మాట, "హెలా". అయింది.
ఏమయింది, ఎక్కడయింది, అడక్కూడదు.
ఎస్తేరు రైతా రాస్తే
తెర చివరికొచ్చినా వాక్యం ఒడ్డు చేరదు.
నావి మరీ అన్యాయం:
"ఇక్కడిదాకా వచ్చాను"
"ఇక్కడిదాకా వచ్చాను 2"
"అయ్యబాబోయ్"

మొన్న వానరాత్రి రెండూ నలభైకి
నాలుగు వందల అయ్యబాబోయ్‌లు వరసగా.
ఏ గేజీదో తెలీదు.
ఎవరో భయపడ్డారు, అంతవరకే తెలిసింది.
ఆ ఎవరో నేనే.

సరే, ముందు గేజీ పేరు. తర్వాత గంట.
ఏ గంట?
ప్రపంచానికంతా ఒకటే గంట, అంది విరజ.
లండన్ గంటలో వరదొస్తే
గట్టు మీద మనిషి ఐదున్నర కూడుకుంటూ పరిగెత్తాలా,
అన్నాడు తపోధీర.
రెండు టీలు చల్లారాయి.
యంత్రం దాచుకునేది వాళ్ల గంట,
మనిషికి చూపేది మన గంట.

భాష ఇంగ్లీషు. ఎవరికీ ఇష్టం లేదు,
అందుకే అందరూ ఒప్పుకున్నాం.
ఊరి పేరు మాత్రం ఊరు పిలుచుకున్నట్టే, అంది ఎస్తేరు.
సర్వే కాగితంలో వాళ్ల కొండకి
ఎవరో గుమాస్తా ముద్దుపేరు ఉందట.

మనిషి పేరు వద్దు.
"గురుబారి చదవలేదు" అని కాదు,
"ఆరుగంటల కొలత రాలేదు" అని.
గురుబారికి ఆ ఉదయం జ్వరం.
లాగ్‌కి జ్వరం గురించి తెలియదు కదా.

టార్చి రిపేరుకిచ్చి పైకొచ్చాడు తౌడు మామ,
ముప్పై ఒక్క ఏళ్లు గేజీ చదివినవాడు.
"ఏటి రాస్తన్నారు?"
లాగ్ మామా.
"ఈ వయసులో నాకు లాగెందుకురా, పంచె సాలు."

నవ్వి, చెప్పి, చూపించాం.
తెరమీద ఎర్రగా రెండువందల పన్నెండు లైన్లు.
చాలాసేపు చూశాడు.
"నా పుస్తకంలో నీలం రోజూ రాసీవాడిని.
ఎర్ర సిరాబుడ్డి ఒకటే కొన్నాను.
సగం ఎండిపోనాది.
ఎర్రగా రాస్తే ఇంజినీరు లెగాల.
లెగక్కర్లేనిది ఎర్రగా రాస్తే
నాను అబద్ధం రాసినట్టే."

సాయంత్రానికి ఎర్రవి తొమ్మిది మిగిలాయి.
పదోదానికి ఎస్తేరు పట్టు వదల్లేదు: బ్యాటరీ.
హెచ్చరిక చాలన్నాం ముగ్గురం.
మా కొండమీదికి బ్యాటరీ మోసేది మీరా, అంది.
పది.

ఏమీ జరగనప్పుడు ఏం రాయాలి?
ఏమీ వద్దు, అన్నాడు తపోధీర, డిస్కు నిండుతుంది.
ఎవరూ మాట్లాడలేదు.
మొన్న వానలో మూడో గేజీ ఏమీ రాయలేదు.
బాగానే ఉందనుకున్నాం.
తెల్లారి చూస్తే స్తంభమే లేదు అక్కడ.

మెట్లు దిగబోతూ ఆగాడు తౌడు మామ.
"మాయమ్మ కత సెప్పినప్పుడు ఊ కొట్టమనీది.
ఊ ఆగిపోనాదంటే
నాను తొంగున్నట్టు."

ఇంగ్లీషులో రాయని ఒకే ఒక్క లైను అది.
ఐదు నిమిషాలకోసారి, గేజీ పేరు, గంట,
ఊ.
రెండు ఊలు తప్పితే ఎర్ర సిరా.
అంటే పదకొండు. విరజ దిద్దింది.

రాత్రి పది దాటింది.
వాళ్లు వెళ్లిపోయారు, చినుకు మొదలైంది.
ఒకటోది, ఊ. రెండోది, ఊ.
నాలుగు, ఐదు, ఆరు, ఏడు.
కొత్త స్తంభం మీది మూడోది ఇంకా అనలేదు.
కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.
ఇంకో నలభై సెకన్లుంది దానికి.