నోటెడ్

షార్జా, రోలా వెనక గల్లీ.
ఎనిమిది మంచాల గది.
పై మంచం మీద కూసోని కాళ్ళు వేలాడేసి
పోశెట్టి చెప్తుంటే
ఫోన్ల నేను కొడుతున్న.

"సారూ, నీ కాళ్ళు మొక్కుత, పనుంటే చెప్పు."
"డియర్ సర్" అని కొట్టిన.
కాళ్ళేడ పోయినయని అడిగిండు.
ఇంగ్లీషుల కాళ్ళుండవు అన్నా,
"కైండ్లీ" ఉంటది.

విజిట్ వీసా పన్నెండు దినాలే ఉన్నదని రాయమన్నడు.
వద్దన్న.
తొందర కనబడితే జీతం కోస్తరు.
షట్టరింగ్ కార్పెంటర్, పద్నాలుగేండ్లు,
దోహాల తొమ్మిది, మస్కట్ల అయిదు.
సుత్తె కింద వోయిన బొటనవేలి గోరుకు
ఏ మాట పెట్టాల్నో తెలువక
ఇడిసిపెట్టిన.

పంపిన.
రెండు గీతలు నీలమైనయి.
ఉల్లిగడ్డ కోసే చెయ్యి సుత ఆగింది.

జవాబొచ్చింది. ఒక్కటే మాట: "నోటెడ్."

"రాసుకున్నడంటే పని పక్కా" అన్నడు తిరుమలేశ్.
"లీవడిగితే మా మేనేజర్ గూడ గదే అన్నడు,
ఏడాదైంది" అని
నేపాలీ టేక్ బహదూర్ హిందీల అని
గోడ దిక్కు మల్లిండు.
అందరూ నా మొకం చూసిన్రు,
డిగ్రీ చదివినోన్ని గద.
నా ఫోన్ల ఆ మాట ఎన్నిచోట్లున్నదో
నేను చెప్పలే.

లైటార్పినంక పై మంచం కిర్రుమన్నది.
"తమ్మీ, పండుకున్నవా?
పదకొండు గొట్టినంక గూడ
మనకోసం ఫోన్ వట్టిండు, పాపం.
థ్యాంక్స్ రాయి.
గా కైండ్లీ ఉన్నది సూడు,
రెండు పెట్టు."