తట్ట బరువు

ట్రంక్ రోడ్డులో మేడ మెట్లెక్కి అడిగా:
మద్రాసులో ఎక్కే పెద్ద ఓడ,
నాలుగు రాత్రులు, ఒక మనిషికి ఎంతని.

కుర్రోడు టకటకా ఏవో మీటలు నొక్కి
"గది ఇద్దరికి మేడమ్,
ఒక్కరే పోయినా ఇద్దరి డబ్బే" అన్నాడు.

రెండో మంచం మీద పడుకునేదెవరయ్యా?
ఎవరూ ఉండరు మేడమ్.
మరి ఆ తిండి?
నవ్వాడు. పాపం, వాడు పెట్టిన రేటు కాదది.

ఇరవై రెండేళ్లుగా మైపాడులో
రొయ్యలు తూకం వేస్తున్నా.
ముందు ఖాళీ తట్ట పెడతాం కాటా మీద,
దాని బరువు తీసేశాకే సరుకు లెక్క.
నీళ్లు కారేదాకా ఆగుతాం కూడా.
ఖాళీకి వెల కట్టే కాటాను
ఇదే మొదలు చూడటం.

పెళ్లెందుకు చేసుకోలేదని
ఇన్నేళ్లూ అందరూ ఊరికే అడిగారు.
వీళ్లు రసీదు రాసి అడుగుతున్నారు.

సంచిలోంచి నోట్లు తీశా, నీచు వాసన.
ముక్కు మూసుకోకుండా లెక్కపెట్టాడు పిల్లోడు.
రెండో పేరు గడిలో గీత కొట్టబోతే
ఆగమన్నా.
రెండు రాత్రులు ఈ మంచం మీద,
రెండు రాత్రులు ఆ మంచం మీద పడుకుంటా,
అక్కడా నా పేరే రాయి.

తిరుగు బస్సులో కండక్టరు
ఒక్క టికెట్టే చింపాడు.
మైపాడు దాకా పక్క సీటు ఖాళీ.
దాని మీద చెయ్యేసుకు కూర్చున్నా.