రాయి అవతలి అరుపు

పద్దెనిమిదేండ్లు బోరు బండి మీద పనిచేసినా.
ఎనిమిది వందల అడుగుల కాడ కూడా
ఉత్త దుమ్మే లేస్తావుంటే
రైతు మొగం చూడలేక
బండి వెనక్కి పోయి బీడీ ముట్టించేవాణ్ణి.

ఒకతూరి, మొదటి రెండడుగుల్లోనే
మట్టితో పాటు ఒక కప్ప పైకొచ్చింది.
సగమే.

ఇన్నేండ్లకు ఆ మాట చెప్పింది
తిరపతి యూనివర్సిటీ వకుళ మేడమ్‌కు మాత్రమే.
అన్నీ రాసుకునే మనిషి
అది రాసుకోలేదు.

ఇప్పుడు ఆమెకు టార్చిలైటు పట్టేది నేనే.
కంగుంది గుట్టల కింద, ఎండిన పాలారు పక్కన,
పది నెలలు నిద్దరపొయ్యే జీవం కోసరం
రాత్రంతా మేలుకోని కూర్చుంటాం.
రెండు మూరల లోతున
తన తోలే దుప్పటిగా కప్పుకోని ఉంటాదంట,
ఊపిరి కూడా అప్పు తెచ్చుకున్నట్టు
కొంచెం కొంచెం వాడుకుంటా.

త్రాసులో పెడితే ఆరు చింతగింజల ఎత్తు.
నిరుడు ముప్పైనాలుగు దొరికినాయి.

జూన్ పోయింది. జూలై సగం పోయింది.
మునెమ్మక్క రోకలీ యాపమండలూ తెచ్చి నిలబడింది:
"యాడుండాయో నీకు తెలుసు గదరా గంగులప్పా,
ఒకటియ్యి. వాన అడగాల."
లేవక్కా అన్నా.
అబద్ధానికి నోరు చేదెక్కాల గదా,
అంత చేదేమీ ఎక్కలేదు.
బంకమన్నుతో ఒకటి చేసుకోని
రోకలికి కట్టుకోని పోయింది.
దానికి కండ్లు పెట్టడానికి
మా ఇంట్లోనే రెండు మిరియాలు అడిగింది.

వాన ఆగస్టులో పడింది. ఎవురి మాట విన్నిందో తెలీదు.

ఆ రాత్రి మోకాళ్ల దాకా బురదలో
ఒకటొకటే పట్టి, తూచి, వదిలినాం.
పదకొండు.

పన్నెండోది వంక అవతల అరిచింది,
సర్వే రాయి దాటి.
మేడమ్ కాలు ఎత్తి, మళ్లా దించింది.
పర్మిషన్ కాగితం ఈ రాయి దాకానే.
అవతల తమిళనాడు, ఇంకో ఆఫీసు,
ఇంకో సంతకం, ఇంకో మూడు నెలలు.
మా అత్తగారిల్లూ అవతలే.
ఆడికి పోను నేనెప్పుడూ ఎవురినీ అడగలేదు.

టార్చి ఆర్పమనింది.
చీకట్లో అది అరస్తానే ఉంది,
పగిలిన కుండలో నీళ్లు పోస్తా ఉన్నట్టు.

తెల్లారి చూస్తే పుస్తకంలో
పన్నెండు అని రాసి, కొట్టేసి,
పదకొండు అని రాసుండాది.
ఆమె లెక్క ఆమెది, తప్పు పట్టను.

నా లెక్కలో
పన్నెండున్నర.