అర చుట్టు

అల్లిపురం సందులో మాది ఫ్యాన్ల రీవైండింగు కొట్టు.
మోటార్లు, మిక్సీలు, ఎప్పుడైనా ఒక బోటు పంపు.
గిటారు రావడం అదే మొదలు.

తాటారావు దాన్ని రగ్గులో చుట్టి
స్కూటరు ముందు నిలబెట్టి తెచ్చాడు.
స్టీలు ప్లాంటు రోలింగు మిల్లులో ముప్పై ఒక్కేళ్ళు.
కుడి చెవి అక్కడే వదిలేశాడు.
ఎడమది, ఆయన మాటల్లో, "సగం జీతం మీద పనిసేస్తంది."

"గుయ్యిమంటంది పైడమ్మా. వాయించకపోయినా అంటంది.
నాకే ఇనబడతందంటే ఊరందరికీ ఇనబడినట్టే."

విప్పి చూశాను. ఒంటి కాయిలు.
ట్యూబులైటు గొడవ, పక్క వెల్డింగు షాపు గొడవ,
సందు మొగలో ట్రాన్స్‌ఫార్మరు గొణుగుడు,
అన్నీ వింటుంది, అన్నీ చెప్పేస్తుంది.

హంబకర్ తెప్పించాను.
జంట కాయిళ్ళు, పక్కపక్కన,
ఒకటి ఇటు చుట్టింది, ఒకటి అటు చుట్టింది,
అయస్కాంతం ఒకదానికి ఉత్తరం చూపితే రెండోదానికి దక్షిణం.
కరెంటు గోల రెండింట్లోనూ దూరుతుంది,
ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది.
తీగ పలికింది మాత్రం రెండింట్లోనూ ఒకే వైపు నడుస్తుంది.
మా అయ్య దగ్గర పని నేర్చుకునేటప్పుడు
ఒక్క చుట్ట ఎదురు పడితే నెత్తిన మొట్టికాయ.
ఇక్కడ ఆ తప్పే పని.

గుంత చాలలేదు.
నేను ఉలి పెట్టి వెడల్పు చేస్తుంటే
తాటారావు బయటికెళ్ళి టీ తాగాడు, రెండుసార్లు.
లోపల మంచి కర్ర కాదు, ప్లైవుడ్డు. పొర మీద పొర,
ఎర్ర రంగు కింద ఎవరూ చూడని చవక.
ఆయనకి చెప్పలేదు.

పికప్ చెవులకి పొడుగు మరలు, మరలకి స్ప్రింగులు.
పాత స్ప్రింగులు ముట్టుకుంటే పొడి.
ఈ ఊళ్ళో సముద్రం తలుపు తట్టి రాదు.
సైకిలు షాపులో వాల్వు ట్యూబు మూరెడు కొని
వేలి కణుపంత ముక్కలు కోసి తొడిగాను.
తుప్పు పట్టదు, గలగలమనదు.
చట్రం ఒక పక్కకి వాలితే
కింద అగ్గిపెట్టె అట్ట మడిచి పెట్టాను.

ఇక ఎత్తు.
చివరి మెట్టు మీద తీగ నొక్కిపట్టి
తీగకీ ఇనుప బొడిపెకీ మధ్య రూపాయి దూర్చబోతే
లటుక్కున అంటుకుపోయింది.
పాత అయిదు రూపాయల బిళ్ళ అంటుకోదు.
మందం కూడా సరిపోయింది, లావు తీగ వైపు.
సన్న తీగ వైపు ఇంకొంచెం దగ్గర.
మరీ దగ్గరైతే అయస్కాంతం తీగని లాగుతుంది,
మోత మధ్యలో వంకరపోతుంది.
దూరమైతే గొంతు పక్కింట్లోంచి వచ్చినట్టుంటుంది.
ఎంత అన్నది బిళ్ళ చెప్తుంది,
చాలు అన్నది చెప్పదు.

ప్లగ్గు పెట్టాక, తీగ మీటకుండా,
తాటారావు దవడ ఎముక గిటారు కొమ్ముకి ఆనించాడు.
గోడ మీద మీటరు బాక్సు కేసి చూస్తూ చాలాసేపున్నాడు.
"కరెంటుందా?" అనడిగాడు.
ఉంది.
అప్పుడు మీటాడు.

ఆ తర్వాత వారం వారం వస్తున్నాడు.
లావు వైపు అర చుట్టు దించు.
సన్న వైపు పావు ఎక్కించు.
డబ్బులు తీసుకోను. నా టీ కూడా తనే చెప్తాడు.

నిన్న మూడు మోటార్లు విప్పి ఉన్నాయి, చేతుల నిండా వార్నీషు.
"లావు వైపు అర చుట్టు ఎక్కించు," అన్నాడు.
పోయిన వారం దించమన్నదీ ఆ అర చుట్టే.
స్క్రూడ్రైవరు గాడిలో ఆనీ ఆననట్టు పెట్టి
మణికట్టు తిప్పాను. మర తిప్పలేదు.
"ఇప్పుడు వాయించు బాబాయ్."

దవడ అప్పటికే కొమ్ము మీదుంది.
"తిరగలేదు," అన్నాడు.
"తిప్పాను కదా."
"నీ సెయ్యి తిరిగింది. మర తిరిగితే నా పన్నుకి తెలస్తాది."

సందు మొగలో ట్రాన్స్‌ఫార్మరు గొణుగుతోంది.
చెయ్యి తుడుచుకుని, మళ్ళీ గాడిలో పెట్టాను.
లోపల వాల్వు రబ్బరు కిర్రుమంది.
"అద్గదీ," అన్నాడు, వాయించకుండానే.